ఆకాశాన్ని మాత్రం కోయకండి

పోయిన నెల ఈ శీర్షిక పక్కన ఒక గ్రీటింగ్ కార్డు బొమ్మ వేశాం, గుర్తుందా? ముందు నీళ్లు, అవతల గట్టున ఇటుక గోడలు, రెండు మూడు గోపురాలు, వాటి మీద పెద్ద ఆకాశం. అది ఏ ఊరో, ఎవరు వేశారో రాయడం మర్చిపోయాను. తప్పు నాదే. దానికి శిక్ష అన్నట్టు ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఆ కార్డు గురించే ఉన్నాయి, కాబట్టి జవాబులూ దాని గురించే.

మా అబ్బాయి నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్లో ఎంఎస్ చదువుతున్నాడండీ. మీరు వేసిన బొమ్మే ఉన్న కార్డు నా పుట్టినరోజుకి పంపాడు. లోపల "అమ్మా, ఇది మా ఊరు" అని రాశాడు. వాడి ఊరు భీమవరం కదా అని కాస్త మనసు చివుక్కుమంది, సరే, అది వేరే సంగతి. ఇది ఫొటోనా, బొమ్మా? వీడియో కాల్‌లో చూపిస్తే ఊరు ఇలా లేదే?
— ఒక అమ్మ, భీమవరం

బొమ్మేనమ్మా, కాన్వాస్ మీద నూనె రంగులతో వేసింది. పేరు 'వ్యూ ఆఫ్ డెల్ఫ్ట్', వేసినవాడు యొహానెస్ వెర్మీర్ అనే డచ్ చిత్రకారుడు. 1632లో ఆ ఊరి కొత్త చర్చిలో బాప్టిజం, 1675లో అదే ఊరి పాత చర్చిలో సమాధి. రెండు చర్చిలకీ మధ్య దూరం ఐదు నిమిషాల నడక. ఆయనవి ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద దొరికేవి ముప్ఫై అయిదో ముప్ఫై ఆరో బొమ్మలే, వాటిలో ఎక్కువ భాగం గదిలో కిటికీ పక్కన ఉత్తరం చదువుకునే ఆడవాళ్లూ పాలు పోసే ఆడవాళ్లూ. ఊరి మొత్తాన్ని బయట నిలబడి వేసింది మాత్రం ఇదొక్కటే.

ఆ ఊరి పేరులోనే కాలువ ఉంది. డచ్ భాషలో 'డెల్వెన్' అంటే తవ్వడం. ముందు కాలువ తవ్వారు, దానికి డెల్ఫ్ అని పేరొచ్చింది, తర్వాత దాని గట్టున పెరిగిన ఊరికీ అదే పేరు నిలిచింది. గోదావరి కాలువల మీద బతికే మీకు ఇది వింతేం కాదు.

కార్డు ఎడమ వైపు నుంచి చూడండి. గట్టున కొందరు నిలబడి ఉన్నారు, పక్కనే పొడుగాటి పడవ ఒకటి ఉంది. అది ప్రయాణికుల పడవ. గట్టు మీద గుర్రం నడుస్తూ తాడుతో లాగుతుంది, ఊరి నుంచి ఊరికి టైమ్ ప్రకారం నడిచేవి. మన కాలువల్లో ఒకప్పుడు మనుషులు తాడు పట్టుకుని లాగినట్టే, కాకపోతే అక్కడ ఆ పని గుర్రానిది. మధ్యలో గడియారం ఉన్న కట్టడం స్కీడామ్ ద్వారం, కుడి పక్కన జంట బురుజులున్నది రోటర్‌డామ్ ద్వారం. కుడి చివర ఆగి ఉన్న పెద్ద పడవలు హెర్రింగ్ చేపల వేటవి. ఇక లోపల ఎక్కడో, మిగతా ఊరంతా మబ్బు నీడలో ఉంటే తను ఒక్కటీ ఎండలో మెరిసిపోతూ కనిపించే గోపురం, అదే కొత్త చర్చి. ముందున్న గోడలు నీడలో, వెనకున్న గోపురం ఎండలో. నాకు ఆ బొమ్మంతా అక్కడే ఉందనిపిస్తుంది, ఎందుకంటే ముందుది వెలుగులో పెట్టి వెనకది మసకగా వేయడం అందరూ చేసే పని, ఈయన దాన్ని తిరగేశాడు.

మీ అబ్బాయి వీడియోలో ఎందుకు ఇలా లేదంటే, ఆ రెండు ద్వారాలూ 1830ల్లోనే పడగొట్టేశారు. కొత్త చర్చి గోపురం ఉంది గానీ దాని పైభాగం పిడుగు దెబ్బ తిని 19వ శతాబ్దంలో మళ్లీ కట్టింది. పాత ద్వారాల్లో తూర్పు ద్వారం ఒక్కటే మిగిలింది, అది ఈ బొమ్మలో లేదు. వెర్మీర్ చూసిన చోటు నుంచే చూడాలంటే ఊరికి దక్షిణాన హోయికాడె అనే వీధి ఉంది, నీళ్ల గట్టున నిలబడి ఉత్తరం వైపు చూడమనండి. నీళ్లు అవే.

అసలు ఆ రోజుల్లో కూడా ఊరు అచ్చం ఇలా ఉందనుకోవద్దు. నీళ్లలో బురుజుల నీడల్ని ముందు వేసినదానికంటే కిందికి పొడుగ్గా లాగాడు. ముందు గట్టు మీద మాట్లాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ల దగ్గర మొదట ఒక మగమనిషిని కూడా వేసి తర్వాత చెరిపేశాడు. ఎక్స్‌రే తీసి చూస్తే ఇవన్నీ బయటపడ్డాయి. ఇంకో సంగతి. 1654 అక్టోబర్ 12న ఆ ఊళ్లో మందుగుండు గిడ్డంగి పేలి ఈశాన్య మూలంతా నేలమట్టం అయింది, వందమందికి పైగా పోయారు, ఫాబ్రీషియస్ అనే మంచి చిత్రకారుడు కూడా అందులోనే పోయాడు. ఆ తర్వాత ఆరేడేళ్లకి వేసిన ఈ బొమ్మలో ఆ గాయం ఎక్కడా లేదు. ఊరు హాయిగా నిద్ర లేస్తున్నట్టు ఉంటుంది.

ఎప్పుడు వేశాడన్నదాని మీద చిన్న పేచీ ఉంది. గోపురంలో గంటలు కనిపించవు. 1660-61 ప్రాంతంలో పాతవి దించి కొత్తవి పెట్టారు కాబట్టి అప్పుడే వేశాడని ఎక్కువమంది అంటారు. టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీలో డోనాల్డ్ ఓల్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన బృందంతో గోపురం మీద పడ్డ వెలుగూ నీడా లెక్కగట్టి, అది 1659 సెప్టెంబర్ 3 లేదా 4, ఉదయం ఎనిమిది గంటలప్పటి ఎండ అని 2020లో చెప్పారు. ఒక ఉదయపు ఎండని చూసి ఉంటాడు, ఇంటికెళ్లి ఏడాదో రెండేళ్లో వేసుకుని ఉంటాడు. రెండు మాటలూ కుదురుతాయని నాకనిపిస్తుంది.

మీ అబ్బాయికి ఇంకో మాట చెప్పండి, అసలు బొమ్మ డెల్ఫ్ట్‌లో లేదు. వెర్మీర్ బొమ్మ ఒక్కటి కూడా ఆయన సొంత ఊళ్లో లేదు! ఇది పావుగంట రైలు ప్రయాణం దూరంలో, ద హేగ్‌లోని మారిట్స్‌హైస్ మ్యూజియంలో ఉంది. 1696లో ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో 200 గిల్డర్లకి (అప్పటి డచ్ డబ్బు) పోయింది, ఆ రోజు పాటకి వచ్చిన ఇరవై ఒక్క వెర్మీర్ బొమ్మల్లో అదే ఎక్కువ ధర. 1822లో 2,900 గిల్డర్లు పెట్టి మ్యూజియం కోసం కొన్నారు. "మా ఊరు" అన్నందుకు బాధపడకండి. అద్దె కడుతున్న ఊరిని అందరూ అలాగే అంటారు.

ఈ బొమ్మతో మా చెల్లి గృహప్రవేశానికి 200 కార్డులు వేయించాలనుకుంటున్నాను. కాపీరైట్ గొడవ ఏమైనా వస్తుందా? ఏ సైజు, ఏ కాగితం బాగుంటుంది?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

గొడవేం లేదు. మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు, వాళ్ల దేశంలో 70 ఏళ్లు హక్కులుంటాయి. వెర్మీర్ పోయి మూడున్నర శతాబ్దాలు అయింది. మారిట్స్‌హైస్ వెబ్‌సైట్‌లోనే పెద్ద సైజు ఫైలు ఉచితంగా దింపుకోవచ్చు. గూగుల్‌లో దొరికిన ఏదో ఒక బొమ్మ తీసుకెళ్లి ప్రింటర్ చేతిలో పెట్టకండి, ఒకదాంట్లో ఆకాశం పసుపు, ఇంకోదాంట్లో ఊదా, ఎవరి రంగులు వాళ్లవి.

ఇప్పుడు నా కథ వినండి. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో శుభకార్యానికి నేనూ ఇదే బొమ్మతో కార్డులు వేయించాను. ఫైలు ఇచ్చి, ప్రూఫ్, అంటే ముందుగా తీసే నమూనా కాపీ, చూడకుండా ఊరెళ్లిపోయాను (అది నా తెలివి). ప్రెస్ పేరు ఎందుకు లెండి. వచ్చి చూస్తే కార్డు నిండాలని పైనున్న ఆకాశాన్ని సగం కోసేశారు. మిగిలిన కాస్త ఆకాశం మీద బంగారు రంగులో పెద్ద అక్షరాలు. ఆకాశం పోయేసరికి ఊరు మన మీదకి వరదలా వచ్చి పడుతున్నట్టుంది. పైగా మెరిసే లామినేషన్ లోపలి వైపు కూడా చేసేశారు, బాల్‌పెన్ జారిపోతుంది, ఒక్క అక్షరం రాయలేకపోయాం. చివరికి వాటి మీద ధోబీ లెక్కలు కూడా రాసుకోవడానికి కుదరలేదు.

ఆ దెబ్బతో నేర్చుకున్నది చెబుతాను. అసలు బొమ్మ 96.5 సెంటీమీటర్ల ఎత్తు, 115.7 సెంటీమీటర్ల వెడల్పు. అంటే వెడల్పు ఆరు పాళ్లు అయితే ఎత్తు ఐదు పాళ్లు. షాపుల్లో మామూలుగా దొరికే కార్డు 7 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు. బొమ్మని 7 అంగుళాలకి సాగదీస్తే ఎత్తు దాదాపు 5.8 అంగుళాలు అవుతుంది, ఆ మిగిలినది ఎక్కడో కోయాల్సిందే, ప్రెస్‌వాళ్ల చెయ్యి ముందు పడేది పైనే. కాబట్టి కోయొద్దు. బొమ్మని 5.4 బై 4.5 అంగుళాలకి పెట్టి చుట్టూ తెల్లగా వదిలేయమనండి, ఫ్రేమ్ కట్టినట్టు ఉంటుంది. "జాగా వేస్ట్ అవుతోంది సార్" అంటారు. అననివ్వండి. ఆ బొమ్మలో సగానికి పైగా ఆకాశమే, ఊరు సన్నటి పట్టీలా మధ్యలో ఉంటుంది. పైన నల్లమబ్బు, దాని కింద తెల్లమబ్బు, వాటి మధ్య సందులోంచే ఆ గోపురం మీదకి ఎండ పడుతోంది. మబ్బు కోసేస్తే ఎండ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

అక్షరాలు బొమ్మ మీద వద్దు, లోపలి పేజీలో. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు), మ్యాట్, అంటే మెరవని రకం. లామినేషన్ కావాలంటే బయటి వైపు మాత్రమే. ఆ సైజుకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 1,620 బై 1,350 పిక్సెల్స్ చాలు, మ్యూజియం ఫైలు అంతకంటే చాలా పెద్దది. కంప్యూటర్ తెర మీద కనిపించే నీలం ప్రింట్‌లో రాదు, ఇంకులు కలిపే పద్ధతి వేరు కాబట్టి కాస్త చప్పబడుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. అయితే ఒక్క ప్రూఫ్ తీయించి పగటి వెలుగులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద చూసి ఓకే చెప్పకండి.

చైనాలో కూడా ఇలాంటి కాలువల ఊరు ఒకటుందట, ఒక ఆయిల్ పెయింటింగ్ కవరు మీద రావడంతోనే ప్రపంచానికి తెలిసిందట. నిజమేనా? ఆ బొమ్మతో కార్డు వేసుకోవచ్చా?
— ఒక కాలేజీ విద్యార్థి, విజయవాడ

నిజమే. ఊరి పేరు జౌజువాంగ్, జియాంగ్సు రాష్ట్రంలో కున్షాన్ నగరం కింద వస్తుంది. అక్కడ రెండు చిన్న వంతెనలు ఒకదానికొకటి మూలగా కలుస్తాయి. ఒకదాని కింద గుండ్రటి సందు, ఇంకోదాని కింద చదరపు సందు. పాతకాలపు తాళంచెవిలా ఉంటాయని తాళంచెవి వంతెన అని కూడా అంటారు. మింగ్ రాజుల కాలంనాటివి. చెన్ యిఫే అనే చిత్రకారుడు 1984లో వాటిని నూనె రంగుల్లో వేసి 'సొంతూరి జ్ఞాపకం' అని పేరు పెట్టాడు. అమెరికా వ్యాపారి ఆర్మండ్ హ్యామర్ దాన్ని కొని అదే ఏడాది నవంబర్‌లో బీజింగ్ వెళ్లి చైనా నాయకుడు డెంగ్ జియావోపింగ్‌కి కానుకగా ఇచ్చాడు. మర్నాటి ఏడాది, 1985లో, అదే బొమ్మ ఐక్యరాజ్యసమితి స్టాంపుల మొదటిరోజు కవరు (కొత్త స్టాంపు విడుదలైన రోజున వేసే కవరు) మీదకెక్కింది. ఆ తర్వాత జనం ఊరికి దారి కట్టారు.

భీమవరం అమ్మగారు చదువుతున్నారా? చెన్ యిఫే పుట్టింది నింగ్బోలో. ఆయన "సొంతూరు" కూడా సొంతూరు కాదు.

కార్డు మాత్రం కుదరదు. ఆయన 2005లో పోయారు, హక్కులు ఇంకా వారసులవే. మీ ప్రాజెక్టు నోట్‌బుక్‌లో అంటించుకోవడం వేరు, 50 ముద్రించి పంచడం, అమ్మడం వేరు.

డెల్ఫ్ట్‌కీ మనకీ ఏమైనా సంబంధం ఉందా? మా తాతగారు వలందావాళ్లు అనేవారు, వాళ్లేనా వీళ్లు?
— ఒక రిటైర్డ్ టీచర్, మచిలీపట్నం

వాళ్లే మాస్టారూ! వలందా అంటే హాలండ్. 1602లో పెట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలుండేవి, వాటిలో ఒకటి డెల్ఫ్ట్. ఔడె డెల్ఫ్ట్ కాలువ గట్టున ఆ శాఖ భవనం ఇప్పటికీ ఉంది. ఊరికి సముద్రం లేదు కాబట్టి కాలువ తవ్వుకుని నదికి కలిపి అక్కడ రేవు కట్టుకున్నారు, దాని పేరు డెల్ఫ్స్‌హావెన్, ఇప్పుడది రోటర్‌డామ్‌లో కలిసిపోయింది. ఇక అసలు సంగతి. 1605లో మీ బందరు తీరానికి వ్యాపారం కోసం వచ్చిన డచ్ ఓడ పేరేమిటో తెలుసా? డెల్ఫ్ట్! ఆ వెంటనే బందరులోనూ నిజాంపట్నంలోనూ వాళ్ల వ్యాపార కోఠీలు వెలిశాయి, గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో.

వాళ్లు ఇక్కడి నుంచి పట్టుకెళ్లింది ముఖ్యంగా బట్టలు. మన అద్దకం, కలంకారీ బట్టల్ని వాళ్లు 'సిట్స్' అనేవారు, మన 'ఛీంట్' మాటే అక్కడికి వెళ్లి అలా అయింది. ఎన్నిసార్లు ఉతికినా రంగు పోకపోవడం చూసి అక్కడివాళ్లు ఆశ్చర్యపోయారు. ఆ కార్డులో గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్ల బట్టల్లో బందరు నూలు ఉందని నేను చెప్పను, నలుపూ నీలమూ మామూలు బట్టలే అవి. కానీ ఆ గోడల వెనక బీరువాల్లో మన అద్దకం మడతలు ఉండేవన్నదాంట్లో అనుమానం లేదు. మీ ఊళ్లోని డచ్ సమాధులు మీరు చూసే ఉంటారు, ఈసారి అటెళ్తే ఆ రాళ్ల మీది అక్షరాలు ఫొటో తీసి పంపండి, వేస్తాం.

ఆన్‌లైన్‌లో "ఆయిల్ పెయింటింగ్ కార్డు" అని కొన్నాను. చేత్తో తడిమితే రంగు గరుకుగా తగులుతోంది. అయితే చేత్తో వేసిందే కదా?
— ఒక గృహిణి, వరంగల్

కాదండి. ముద్రించాక అచ్చుతో నొక్కితే, లేదా పైన వార్నిష్ పూస్తే అలా గరుకు వస్తుంది. భూతద్దం పెట్టి చూడండి, చిన్న చిన్న రంగు చుక్కల వరసలు కనిపిస్తే ప్రింటే. అసలు నూనె రంగు ఆరడానికి రోజులూ వారాలూ పడుతుంది, గట్టిగా ఆరి వార్నిష్ వేయడానికి నెలలు. అలా వేసిన దాన్ని కార్డు ధరకి ఎవరు ఇస్తారు? ముద్రణ అయితే తప్పేం లేదు. రవివర్మ లక్ష్మీ సరస్వతులు మన ఇళ్లలోకి వచ్చింది కూడా ఆయన 1894లో బొంబాయి దగ్గర పెట్టిన ప్రెస్ వల్లే కదా.

వెర్మీర్ అసలు బొమ్మలో గరుకు ఎక్కడుందో తెలుసా? ఎడమ వైపు ఎర్ర పెంకుల కప్పుల మీద. రంగు గింజలు గింజలుగా ఉంటుంది, పెంకు అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి. కుడి వైపు పడవల మీద తడి మెరిసేచోట సన్నటి చుక్కలు పెట్టాడు. నీళ్ల దగ్గరికొచ్చేసరికి నున్నగా. ఏ కార్డుకీ అది రాదు, అచ్చు నొక్కితే అన్ని చోట్లా ఒకే గరుకు, ఆకాశంతో సహా.

నేనే మళ్లీ రాస్తున్నానండీ. మీ జవాబు కోసం ఆగకుండా వాడికి తిరిగి ఒక కార్డు పంపుదామని బయల్దేరాను. మా కాలువ బొమ్మతో కార్డు కోసం ఊళ్లో నాలుగు షాపులు తిరిగాను, గులాబీలూ టెడ్డీబేర్లూ తప్ప లేవు. ఏం చేయమంటారు?
— అదే అమ్మ, భీమవరం

వేయించండమ్మా. మీ దగ్గర డ్రాయింగ్ మాస్టారో, ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలో ఉంటారు. కాలువ, లాకులు, గట్టున కొబ్బరి చెట్లు, మీకు నచ్చిన మూల ఏదో చూపించి చిన్న కాన్వాస్ మీద వేయమనండి. డబ్బు ముందే మాట్లాడుకోండి, "దీనితో కార్డులు వేసుకోవచ్చు" అని ఒక కాగితం మీద రాయించుకోండి. బొమ్మ కొన్నంత మాత్రాన కార్డు వేసే హక్కు రాదు, ఈ సంగతి చాలామందికి తెలియదు.

రంగు ఆరాక ఫొటో తీయడమే అసలు పని. ఫ్లాష్ వద్దు, నూనె రంగు మీద పడి తెల్లటి మరక వస్తుంది. పొద్దున్నపూట వరండాలో, ఎండ నేరుగా పడని చోట గోడకి నిలబెట్టి, ఫోన్‌ని బొమ్మకి సరిగ్గా ఎదురుగా పెట్టి తీయండి, వంకరగా తీస్తే లాకులు పడిపోతున్నట్టు వస్తాయి. జూమ్ చేయకండి, దగ్గరికి జరగండి. ఫొటో స్టూడియోలో మందపాటి మ్యాట్ కాగితం మీద పది కాపీలు తీసి మధ్యకి మడిస్తే చాలు, దీనికి ప్రెస్ దాకా అక్కర్లేదు.

లోపల ఏం రాయాలో నేను చెప్పను. మొదటి ఉత్తరంలో ఆ "వేరే సంగతి" అన్నారే, అదే రాయండి, తెలుగులోనే.

అడ్రసు మాత్రం జాగ్రత్త. వాళ్ల దగ్గర వీధి పేరు ముందు, ఇంటి నంబరు తర్వాత. పిన్‌కోడ్‌లో నాలుగు అంకెలూ ఆ వెనక రెండు ఇంగ్లిష్ అక్షరాలూ ఉంటాయి, ఆ రెండు అక్షరాలు అనవసరమని వదిలేయకండి, వీధి తెలిసేది వాటితోనే. దేశం పేరు కింద పెద్ద అక్షరాల్లో రాయండి. కవరు వెనక మీ అడ్రసు కూడా ఉండాలి. ఒకవేళ వాడు ఈలోగా గది మారిపోయి ఉంటే — ఈ పిల్లలు ఏడాదికి రెండుసార్లు మారతారు — ముందు ఫోన్ చేసి కనుక్కోండి, ఎందుకని అడిగితే మాత్రం చెప్పకండి.